డేట్ ఒకరోజు వెనక్కి పోయింది, ఇంకా అలాంటివి

నా దగ్గర ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ ఉంది. ట్యాగుల్లేవు, ఫోల్డర్లు లేవు, దానికో యాప్ లేదు. ఎడిటర్‌లో ఎప్పుడూ ఒక ట్యాబ్‌లో తెరిచే ఉంటుంది. వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో తల పట్టుకుని కూర్చున్నాక, కారణం తెలిసి "ఓస్, ఇంతేనా" అనిపించినవన్నీ అందులోకి చేరతాయి.

చాలామంది ఇలాంటి నోట్సుని హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, డేటాబేస్ అని విడగొట్టి పెట్టుకుంటారు. చూడ్డానికి బావుంటుంది కానీ, వెతకాల్సి వచ్చినప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. బగ్ వచ్చినప్పుడు మన చేతిలో ఉండేది లక్షణం ఒక్కటే. అది సీఎస్ఎస్ గొడవో సర్వర్ గొడవో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఇక నోట్స్ తెరిచే అవసరమే రాదు. అందుకే నా ఫైల్లో హెడ్డింగులన్నీ ఫిర్యాదులు. టెస్టర్ టికెట్‌లో ఎలా రాస్తాడో, క్లయింట్ ఫోన్లో ఎలా చెబుతాడో అచ్చం అవే మాటలు. "బటన్ నొక్కితే పేజీ మళ్లీ లోడవుతోంది", "ఐఫోన్‌లో మాత్రమే స్క్రీన్ పెద్దదవుతోంది", "డేట్ ఒకరోజు వెనక్కి పోయింది". మళ్లీ అదే సమస్య వస్తే నా నోటికి వచ్చేవీ అవే మాటలు కాబట్టి, వెతికితే వెంటనే దొరుకుతుంది.

కోడ్ అందులో తక్కువే. కోడ్ ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది, ఎడిటరే సగం రాసిపెడుతుంది. అది ఎందుకలా రాయాలి అనేదే దొరకదు. కాబట్టి ఇక్కడ కూడా పక్క సీట్లో వాళ్లకి చెప్పినట్టు నోటిమాటగానే చెబుతాను, కోడ్ మీరు టైప్ చేసుకోండి.

బటన్ నొక్కితే పేజీ మళ్లీ లోడవుతోంది

ఫామ్ లోపల బటన్ పెట్టి దానికి టైప్ రాయకపోతే, బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గానే తీసుకుంటుంది. "ఇంకో అడ్రస్ కలపండి" అనే చిన్న బటన్ నొక్కినా ఫామ్ మొత్తం వెళ్లిపోతుంది. టైప్ దగ్గర బటన్ అని రాస్తే చాలు. జావాస్క్రిప్ట్‌లో ప్రివెంట్ డిఫాల్ట్ (బ్రౌజర్ తనంతట తాను చేసే పనిని ఆపేది) పెట్టి నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. అదీ పనిచేస్తుంది, స్క్రిప్ట్‌లో ఎక్కడో ఎర్రర్ వచ్చి ఆ లైన్ దాకా రానంతవరకు.

దీని కిందే ఇంకో రెండు రాసి ఉన్నాయి. డిజేబుల్ చేసిన ఫీల్డ్ విలువ సర్వర్‌కి అసలు వెళ్లదు. వెళ్లాలి కానీ మార్చకూడదు అంటే రీడ్ఓన్లీ పెట్టాలి. సెలెక్ట్ డబ్బాకి రీడ్ఓన్లీ లేదు, కాబట్టి అక్కడ విలువని హిడెన్ ఫీల్డ్‌లో కూడా పంపాలి. అలాగే టిక్ పెట్టని చెక్‌బాక్స్ "కాదు" అని వెళ్లదు, అసలు దాని పేరే వెళ్లదు. "టిక్ తీసేసి సేవ్ చేస్తే మళ్లీ టిక్ వస్తోంది" అనే ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఇదే. పేరు రాలేదంటే మార్పు లేదని సర్వర్ కోడ్ అనుకుని, పాత విలువని అలాగే ఉంచేస్తుంది.

డేట్ ఒకరోజు వెనక్కి పోయింది

ఇది మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. నేను చూసిన ప్రతి ప్రాజెక్ట్‌లోనూ ఏదో ఒక రూపంలో ఉంది.

ఫామ్ నుంచి "2024-01-15" అని ఒక పుట్టినరోజు వచ్చింది. దాన్ని తీసుకెళ్లి జావాస్క్రిప్ట్ డేట్‌లో పెట్టాం. న్యూయార్క్‌లో ఉన్న యూజర్‌కి స్క్రీన్ మీద జనవరి 14 కనిపిస్తుంది. ఎందుకంటే, టైమ్ లేకుండా తేదీ మాత్రమే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడిగా లెక్కించే టైమ్) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. ఆ క్షణానికి న్యూయార్క్‌లో ఇంకా ముందురోజు సాయంత్రం ఏడు. అదే తేదీ పక్కన టైమ్ కూడా రాసి జోన్ రాయకపోతే, ఈసారి యూజర్ ఉన్నచోటి టైమ్‌గా తీసుకుంటుంది. రెండూ ఒకే ఫంక్షన్, రెండు నియమాలు. స్పెసిఫికేషన్‌లోనే అలా ఉంది కాబట్టి ఏ బ్రౌజర్‌నీ తిట్టి లాభం లేదు.

ఇండియా టైమ్‌లో కూర్చుని పనిచేసేవాళ్లకి ఈ వైపు బగ్ ఎప్పుడూ కనపడదు. యూటీసీ అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారుజామున ఐదున్నర, తేదీ మారదు. మనకి ఎదురయ్యేది దీని తిరగబడ్డ రూపం. క్యాలెండర్‌లో యూజర్ 15 నొక్కుతాడు. ఆ కాంపొనెంట్ మన టైమ్‌లో 15 అర్ధరాత్రికి డేట్ తయారుచేస్తుంది. పంపేముందు ఎవరో టు-ఐఎస్ఓ-స్ట్రింగ్ (డేట్‌ని యూటీసీ టైమ్‌లో టెక్స్ట్‌గా మార్చే ఫంక్షన్) పిలిచి మొదటి పది అక్షరాలు కత్తిరిస్తారు. బయటికి వచ్చేది 14వ తేదీ, 18:30 గంటలు. కత్తిరించాక మిగిలేది 14. డేటాబేస్‌లో అదే పడుతుంది. లోకల్‌లో అంతా సరిగ్గానే ఉంది, సర్వర్‌లోనే తేడా అని టికెట్ వస్తుంది.

నోట్స్‌లో దీని కింద పెద్దక్షరాలతో ఉన్న మాట: పుట్టినరోజు ఒక క్షణం కాదు. పుట్టినరోజు, సెలవు, గడువు తేదీ లాంటివాటికి టైమ్ జోన్ లేదు, వాటిని స్ట్రింగ్‌గానే, అంటే మామూలు టెక్స్ట్‌గానే మోసుకెళ్లండి. లాగిన్ అయిన టైమ్, డబ్బు కట్టిన టైమ్ లాంటివి నిజంగా క్షణాలు, అవి యూటీసీలో దాచి, చూపించేటప్పుడు మాత్రమే యూజర్ జోన్‌లోకి మార్చండి. ఏది ఏ రకమో మొదటే తేల్చుకుంటే ఈ గొడవలో ముప్పాతిక మాయమవుతుంది.

స్ట్రింగ్ నుంచి తప్పనిసరిగా డేట్ చెయ్యాల్సి వస్తే, అడ్డగీతల దగ్గర విడగొట్టి, సంవత్సరం, నెల, రోజు మూడు అంకెలుగా ఇవ్వాలి. నెలలోంచి ఒకటి తీసెయ్యడం మర్చిపోవద్దు, జనవరి అక్కడ సున్నా. ఈ సున్నా లెక్క 1995లో జావా డేట్ క్లాస్‌ని చూసి జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చిపెట్టుకున్నది. జావా వాళ్లు తర్వాత దాన్ని సరిదిద్దుకున్నారు, మనం మాత్రం ఇంకా మోస్తున్నాం.

దీన్నే తెలివిగా వాడుకునే చిట్కా ఒకటుంది. నెలలో ఎన్ని రోజులో కావాలంటే, తర్వాతి నెల సున్నావ రోజుని అడగండి. 2024, 2, 0 అని ఇస్తే మార్చి సున్నావ తేదీ, అంటే ఫిబ్రవరి 29 వస్తుంది. లీపు సంవత్సరం లెక్క మనం రాయక్కర్లేదు. కానీ ఇదే గుణం ఎదురు తిరిగే చోటు కూడా ఉంది. 2025 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 31 అవుతుంది, అది లేదు కాబట్టి మార్చి 3కి జారుతుంది. నెలవారీ చందా కోడ్ రాసేవాళ్లు నెలాఖరు తేదీలతో టెస్ట్ చెయ్యకుండా వదలకూడదు.

జావాస్క్రిప్ట్‌లో తేదీల కోసం తెచ్చిన టెంపోరల్ అనే కొత్త ఏపీఐలో ఇవన్నీ సరిచేశారు. జోన్ లేని తేదీకి అందులో విడిగా ఒక రకం ఉంది, నెలలు ఒకటి నుంచే మొదలవుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో అది 2025లో 139వ వెర్షన్‌తో వచ్చింది. అన్ని బ్రౌజర్లలోనూ నమ్మకంగా వాడగలిగేదాకా ఈ నోట్ ఫైల్లోనే ఉంటుంది.

తెలుగులో వెతికితే దొరకట్లేదు

ఇంగ్లిష్‌లో రాసిన చిట్కాల్లో ఈ సంగతులు కనపడవు, వాళ్లకి ఆ అవసరం రాదు. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకి మాత్రం రోజూ కావలసినవి.

"సాఫ్ట్‌వేర్" అనే మాట తీసుకోండి. ఇందులో "ట్" తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉంటే "ట్" పొల్లుతో ఆగి "వే" విడిగా వస్తుంది. లేకపోతే "సాఫ్ట్వేర్" అని వత్తు కలిసిపోతుంది. ఒక కీబోర్డ్ దాన్ని తనే పెడుతుంది, ఇంకోటి పెట్టదు. డేటాబేస్‌లో ఒకరకంగా, సెర్చ్ డబ్బాలో ఇంకోరకంగా టైప్ అయితే కంప్యూటర్‌కి అవి రెండు వేరే మాటలు. కళ్లు చికిలించి చూసినా తేడా తెలియని చోట్ల కూడా ఈ అక్షరం దాక్కుంటుంది, ముఖ్యంగా వర్డ్ ఫైల్ నుంచి కాపీ చేసి అతికించిన డేటాలో.

నేను చేసేది ఇది. చూపించే కాలమ్‌ని ముట్టుకోను. పక్కన వెతకడానికని ఇంకో కాలమ్ పెడతాను. అందులోకి వెళ్లేముందు టెక్స్ట్‌ని ఎన్ఎఫ్‌సీ రూపానికి నార్మలైజ్ చేసి (రెండు రకాలుగా రాసిన ఒకే అక్షరాన్ని ఒకే కోడ్‌కి తెచ్చి), జాయినర్, నాన్ జాయినర్ రెంటినీ తీసేసి, వరస స్పేసులని ఒకటి చేస్తాను. యూజర్ టైప్ చేసినదానికీ సరిగ్గా ఇదే ఫంక్షన్. నార్మలైజ్ ఎందుకంటే, తెలుగులో ఐత్వాన్ని ఒకే కోడ్‌తోనూ రాయొచ్చు, ఎత్వం గుర్తుకి కింద ఐత్వపు ముక్క కలిపి రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు. స్క్రీన్ మీద రెండూ ఒకటే "కై". తీసేసిన రూపాన్ని మాత్రం ఎప్పుడూ స్క్రీన్ మీద చూపించకండి, పదాల రూపం మారిపోతుంది.

తెలుగు పేరు రాస్తే "అక్షరాలు మాత్రమే రాయండి" అంటోంది

అక్షరాలే రాశాడు పాపం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (టెక్స్ట్ ఏ రూపంలో ఉండాలో చెప్పే సూత్రంలో) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే జావాస్క్రిప్ట్‌కి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, అంతే. దాని బదులు బ్యాక్‌స్లాష్ పి పక్కన ఫ్లవర్ బ్రాకెట్లలో క్యాపిటల్ ఎల్ రాసి, చివర యూ ఫ్లాగ్ పెట్టాలి. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తెలియనిది తర్వాతి అడుగు. ఎల్ ఒక్కటే పెడితే "రమ" ఒప్పుకుంటుంది, "రామ" ఒప్పుకోదు. దీర్ఘం, గుడులు, కొమ్ములు, పొల్లు, సున్నా ఇవేవీ యూనికోడ్ లెక్కలో లెటర్లు కావు, మార్కులు. అందుకే ఎల్ పక్కనే ఎం కూడా పెట్టాలి. పైన చెప్పిన నాన్ జాయినర్ ఈ రెంటిలోనూ లేదు, దాన్నీ విడిగా చేర్చాలి. నిజానికి పేర్లకి ఇంత కాపలా ఎందుకన్నది నా అనుమానం. ఖాళీగా లేకపోతే చాలు, మరీ పొడవు లేకపోతే చాలు. మనిషి పేరుని సరిచూసే అధికారం ఫామ్‌కి ఎవరిచ్చారు?

పదం సరిహద్దు అని బ్యాక్‌స్లాష్ బి వాడతారు కదా, అదీ తెలుగు మీద పనిచెయ్యదు. కారణం అదే.

పేరులో మొదటి అక్షరం తప్పుగా వస్తోంది

ఫోటో పెట్టనివాళ్లకి గుండ్రటి డబ్బాలో పేరులోని మొదటి అక్షరం చూపిస్తాం. "శ్రీనివాస్" అనే పేరుకి సున్నావ అక్షరం (కోడ్‌లో లెక్క సున్నా నుంచి మొదలు) అడిగితే "శ" వస్తుంది. "కృష్ణ"కి "క". చదివేవాడికి అది తన పేరులా అనిపించదు.

"రాష్ట్రం" అనే మాట తీసుకుంటే మన కంటికి రెండే అక్షరాలు, రా, ష్ట్రం. జావాస్క్రిప్ట్‌లో దీని లెంగ్త్ ఎనిమిది. ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా. నాలుగు దగ్గర కోస్తే "రాష్" మిగులుతుంది. వార్తల శీర్షికలని ఇన్ని అక్షరాల దగ్గర కోసి చుక్కలు పెట్టే కోడ్ ఉంటే, అది తెలుగు మీద ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మొండి అక్షరం వదులుతుంది.

దీనికి జావాస్క్రిప్ట్‌లోనే ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది. భాష "తెలుగు" అని, విడదీయాల్సింది గ్రాఫీమ్ (కంటికి ఒక అక్షరంగా కనిపించేది) అని చెబితే, అక్షరాలని మనం చూసినట్టే విడదీస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇది 2024లో 125వ వెర్షన్‌తో వచ్చాక అన్ని పెద్ద బ్రౌజర్లలోనూ ఉన్నట్టయింది. ఒక మెలిక ఉంది. వత్తులతో కూడిన అక్షరాన్ని విడగొట్టకూడదు అనే నియమం యూనికోడ్ 15.1లో, 2023లో చేరింది. పాత లెక్కలో "రాష్ట్రం" నాలుగు ముక్కలవుతుంది, కొత్త లెక్కలో రెండు. కాబట్టి పాత ఫోన్లలో, కొత్త ఫోన్లలో జవాబు వేరుగా రావచ్చు. ఈ సంఖ్యని డేటాబేస్‌లో దాచడం, సర్వర్ లెక్కతో పోల్చడం చెయ్యకండి. కనిపించేదానికి మాత్రమే వాడండి. శీర్షికలు కోయడానికైతే సీఎస్ఎస్‌లో లైన్ క్లాంప్ (ఇన్ని వరసలే చూపించు అని చెప్పేది) పెట్టడం మేలు, కోత పని బ్రౌజర్ చూసుకుంటుంది.

ఎమోజీ పెడితే సేవ్ కావట్లేదు

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అనే పేరుతో ఉండేది పూర్తి యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతి) కాదు. ఒక అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. తెలుగు అక్షరం సరిగ్గా మూడు బైట్లు. అందుకే తెలుగు డేటా ఏళ్ల తరబడి హాయిగా నడుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఎమోజీకి నాలుగు బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాని తిప్పికొట్టే సెట్టింగ్) ఉంటే ఎర్రర్ వస్తుంది, అది మంచిదే. లేకపోతే ఎమోజీ దగ్గర నుంచి మిగిలిన వాక్యమంతా తెగిపోయి, పైభాగం మాత్రమే సేవ్ అవుతుంది. "కస్టమర్ రాసింది సగమే వచ్చింది" అనే ఫిర్యాదు వస్తే, ఆ సగం తర్వాత ఏముండేదో అడగండి. నవ్వు ముఖమో దండం పెట్టే చేతులో ఉంటాయి.

యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాలి. ఇది 2010లో 5.5.3తో వచ్చింది, 8.0 నుంచి డిఫాల్ట్ అదే. టేబుల్ మారిస్తే చాలదు, కనెక్షన్‌లో కూడా అదే చెప్పాలి. పాత ప్రాజెక్టుల్లో 191 అనే వింత సంఖ్య కనపడితే అది ఇక్కడిదే. ఇండెక్స్‌కి (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే జాబితాకి) అప్పట్లో 767 బైట్ల పరిమితి. అక్షరానికి మూడు బైట్లయితే 255 పడతాయి, నాలుగైతే 191.

బైట్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి యూఆర్ఎల్ సంగతి కూడా. తెలుగు టైటిల్‌తో లింక్ చేస్తే ఒక్కో కోడ్ తొమ్మిది అక్షరాలవుతుంది, బైట్‌కి ఒక శాతం గుర్తు, రెండు అంకెలు. "తెలుగు" అనే చిన్న మాట ఎన్‌కోడ్ అయితే 54 అక్షరాలు. లింక్ కాలమ్‌కి 50 పెట్టినవాళ్లకి ఒక్క మాట కూడా పట్టదు. ఇక ఇంగ్లిష్ అక్షరాలు కానివన్నీ తీసేసి టైటిల్‌ని లింక్‌గా మార్చే స్లగ్ ఫంక్షన్ వాడితే తెలుగు టైటిల్‌కి మిగిలేది ఖాళీ స్ట్రింగ్, రెండో పోస్ట్ నుంచి డూప్లికేట్ ఎర్రర్. నేనైతే లింక్‌లో ముందు ఐడీ పెట్టి, తర్వాత టైటిల్ ఉన్నా లేకపోయినా తెరుచుకునేలా చేస్తాను.

అక్షరాల కింద వత్తులు తెగిపోతున్నాయి

డిజైనర్ ఇంగ్లిష్ టెక్స్ట్‌తో డిజైన్ చేసి లైన్ హైట్ 1.1 ఇస్తాడు. దానికి ఓవర్‌ఫ్లో హిడెన్ (డబ్బా దాటినదాన్ని దాచేది) తోడైతే "స్త్రీ" కింది రకారం, "క్ష్మి" కింది మకారం కోసుకుపోతాయి. తెలుగుకి హెడ్డింగుల్లో 1.4, పేరాల్లో 1.6 నుంచి 1.8 దాకా ఇస్తాను. హెచ్‌టీఎంఎల్‌లో లాంగ్ అట్రిబ్యూట్ సరిగ్గా పెట్టి ఉంటే, ఆ భాషకి మాత్రమే వర్తించేలా సీఎస్ఎస్‌లో ఒక నియమం రాసి వదిలెయ్యొచ్చు.

పక్కకి స్క్రోల్ వస్తోంది, ఇంకా సీఎస్ఎస్ చిల్లర

ఫ్లెక్స్ డబ్బాలో (లోపలివాటిని వరసగా పేర్చే సీఎస్ఎస్ పద్ధతి) పొడవాటి లింకో టేబులో ఉండి పేజీ పక్కకి సాగుతుంటే, ఆ ఐటెమ్‌కి మిన్-విడ్త్ సున్నా ఇవ్వండి. ఫ్లెక్స్ ఐటెమ్ తన లోపలి కంటెంట్ కన్నా చిన్నది కాకూడదన్నది డిఫాల్ట్. ఎలిప్సిస్ (పట్టని మాటల చోట వచ్చే చుక్కలు) పనిచెయ్యట్లేదు అన్నా కారణం ఎక్కువసార్లు ఇదే.

స్టికీ (స్క్రోల్ చేసినా పైన అంటుకుని ఉండాల్సినది) అంటుకోకపోతే మూడు చూడాలి. టాప్ విలువ ఇచ్చారా? పైనున్న తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఓవర్‌ఫ్లో హిడెన్ ఉందా? ఉంటే దాన్ని క్లిప్ అని మార్చి చూడండి. సైడ్‌బార్ ఫ్లెక్స్‌లో ఉండి నిలువునా మొత్తం సాగిందా? అలా సాగితే అంటుకోవడానికి ఇక జాగా లేదు, అలైన్-సెల్ఫ్ స్టార్ట్ ఇస్తే సరి.

ఫోన్లో కింది బటన్ సగం దాక్కుంటే, ఎత్తు దగ్గర 100వీహెచ్ తీసి 100డీవీహెచ్ (అప్పటికి నిజంగా కనిపిస్తున్న ఎత్తు) పెట్టండి. ఐఫోన్‌లో డబ్బా మీద నొక్కగానే స్క్రీన్ పెద్దదైతే, ఆ ఇన్‌పుట్ ఫాంట్ 16 పిక్సెల్స్ కన్నా చిన్నదిగా ఉందన్నమాట. జూమ్ ఆపేసే మెటా ట్యాగ్ పెట్టకండి. చూపు తక్కువున్నవాళ్లు జూమ్ మీదే ఆధారపడతారు.

జెడ్-ఇండెక్స్ (ఏది పైన, ఏది వెనక అని చెప్పే అంకె) 9999 ఇచ్చినా పాపప్ వెనకే ఉంటే, అంకె పెంచి లాభం లేదు. పైన ఏదో డబ్బాకి ట్రాన్స్‌ఫార్మో, ఒకటికన్నా తక్కువ ఒపాసిటీయో ఉంది, దాంతో దాని లోపలివన్నీ దాని గీత దాటలేవు. పాపప్‌కి డైలాగ్ ఎలిమెంట్ వాడి షో-మోడల్ పిలిస్తే, బ్రౌజర్ దాన్ని అన్నిటికన్నా పై పొరలో పెడుతుంది. 2022 నుంచి అన్ని పెద్ద బ్రౌజర్లలోనూ ఉంది. అంకెల పోటీ అక్కడితో సరి.

"అక్కా, పోస్ట్‌మ్యాన్‌లో వస్తోంది, బ్రౌజర్‌లో రావట్లేదు"

టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల నోట నేను అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఈ మాటే. కోర్స్ (ఒక సైట్ పేజీ ఇంకో సైట్ డేటాని అనుమతి లేకుండా చదవకుండా ఆపే నియమం) అడ్డుపడేది బ్రౌజర్‌లో ఉన్న జావాస్క్రిప్ట్‌కి మాత్రమే. పోస్ట్‌మ్యాన్ అనేది బ్రౌజర్ లేకుండా సర్వర్‌కి రిక్వెస్టులు పంపి చూసే టూల్, దానికి ఆ నియమం లేదు. కాబట్టి "అక్కడ వస్తోంది" అనేది ఈ విషయంలో దేనికీ సాక్ష్యం కాదు.

అనుమతి ఇచ్చే హెడర్ సర్వర్‌లో పెట్టడం అందరికీ తెలుసు. టైమ్ తినేవి ఇంకో రెండున్నాయి. ఒకటి, జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) పంపినా, ఆథరైజేషన్ హెడర్ పెట్టినా బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపి అనుమతి అడుగుతుంది. ఆ రిక్వెస్ట్‌లో లాగిన్ టోకెన్ ఉండదు. సర్వర్‌లో లాగిన్ చెక్ ముందుండి, కోర్స్ వెనకుంటే, ఆప్షన్స్‌కి 401 (లాగిన్ కాలేదు అనే జవాబు) వెళుతుంది, కథ అక్కడే ఆగిపోతుంది. వరస మార్చాలి. రెండోది ఇంకా మోసం. సర్వర్ కోడ్ పేలిపోయి 500 వచ్చింది, కానీ ఆ ఎర్రర్ జవాబుకి కోర్స్ హెడర్లు తగిలించలేదు. కన్సోల్‌లో మాత్రం ఎర్రగా కోర్స్ ఎర్రర్ అనే కనిపిస్తుంది. మనం హెడర్లు సవరిస్తూ కూర్చుంటాం, అసలు బగ్ ఎక్కడో సర్వర్ లాగ్‌లో ఉంటుంది. అందుకే ఈ నోట్‌లో మొదటి లైన్: ముందు సర్వర్ లాగ్ చూడు.

దీనికి తోబుట్టువు ఫెచ్, జావాస్క్రిప్ట్‌లో సర్వర్‌ని డేటా అడిగే ఫంక్షన్. సర్వర్ 404 ఇచ్చినా 500 ఇచ్చినా ఫెచ్ దాన్ని విజయంగానే లెక్కేస్తుంది, ఎర్రర్లని పట్టుకునే క్యాచ్ లోకి రాదు. నెట్ పోతేనో, కోర్స్ అడ్డుపడితేనో మాత్రమే వస్తుంది. రెస్పాన్స్ డాట్ ఓకే చూడకుండా ముందుకెళ్లే కోడ్ రివ్యూకి వస్తే నేను వెనక్కి పంపేస్తాను.

ఐడీ చివరి అంకె మారిపోయింది

జావాస్క్రిప్ట్ అంకె 9007199254740991 దాకానే నమ్మదగ్గది. సర్వర్ 9007199254740993 అని పంపితే, జేసన్ చదివేసరికి చివర 2 అవుతుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు, ఇంకెవరి రికార్డో తెరుచుకుంటుంది. పెద్ద ఐడీలని సర్వరే స్ట్రింగ్‌గా పంపాలి. డబ్బు లెక్కలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 రావడం అందరికీ తెలిసిందే, పైసల్లో పూర్ణాంకంగా దాచుకోండి. సార్ట్ అనేది ఏమీ చెప్పకపోతే అంకెలని కూడా అక్షరాల్లాగే పేరుస్తుంది, 2 కన్నా 10 ముందొస్తుంది.

తీసేసినవి

అప్పుడప్పుడూ కూర్చుని ఫైల్లోంచి కొన్ని తీసేస్తుంటాను. ఫ్లోట్ల తర్వాత క్లియర్‌ఫిక్స్, వీడియో డబ్బాకి ప్యాడింగ్ శాతం చిట్కా, ఫ్లెక్స్‌లో ఖాళీ కోసం నెగటివ్ మార్జిన్లు అన్నీ పోయాయి. యాస్పెక్ట్-రేషియో, గ్యాప్ వచ్చి 2021లోనే అన్నిచోట్లా కుదురుకున్నాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేజీ మొత్తాన్ని 2022 జూన్‌లో, దాన్ని సాగనంపిన వారమే చెరిపేశాను. ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది. ఆబ్జెక్ట్‌ని జేసన్‌గా మార్చి మళ్లీ విప్పి కాపీ చేసే చిట్కా కూడా తీసేశాను. అందులో తేదీలు స్ట్రింగులైపోతాయి, అన్‌డిఫైన్డ్ ఉన్నవి ఎగిరిపోతాయి. దాని బదులు స్ట్రక్చర్డ్ క్లోన్. ఫంక్షన్ ఉంటే అది ఎర్రర్ ఇస్తుంది, చప్పుడు చెయ్యకుండా మింగెయ్యడం కన్నా అది నయం.

అందరి రికార్డులూ మారిపోయాయి

అప్‌డేట్‌లో వేర్, అంటే ఏ రికార్డులో చెప్పే షరతు, మర్చిపోతే ఇలా అవుతుంది. ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడుతున్న అసలు డేటాబేస్‌లో) చేత్తో అప్‌డేట్ రాయాల్సి వస్తే, ముందు బిగిన్, తర్వాత వేర్‌తో సహా సెలెక్ట్, వరసలు ఎన్నో చూసుకుని అప్పుడు అదే వేర్‌తో అప్‌డేట్. అది చెప్పిన సంఖ్య సెలెక్ట్ ఇచ్చిన సంఖ్యతో కలిస్తేనే కమిట్, అంటే ఖాయం చెయ్యడం. కలవకపోతే రోల్‌బ్యాక్, అంటే చేసింది వెనక్కి తీసుకోవడం. మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్, ట్రంకేట్ లాంటివి మధ్యలో రాస్తే అవి అంతకుముందున్నదాన్ని కూడా తమంతట తామే కమిట్ చేసేస్తాయి, రోల్‌బ్యాక్ ఇక గోడకి చెప్పినట్టే.

నాట్ ఇన్ (ఈ జాబితాలో లేనివి ఇవ్వు) అని రాస్తే ఏమీ రావట్లేదు అంటే, లోపలి జాబితాలో ఒక్క నల్ (విలువ లేని గడి) ఉందేమో చూడండి. ఒక్కటి ఉన్నా చాలు, జవాబు ఖాళీ. నాట్ ఎగ్జిస్ట్స్ వాడితే ఈ బెడద లేదు.

నిన్నటి పనంతా పోయింది

గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) రీసెట్ హార్డ్ కొట్టాక, రీబేస్ వికటించాక, బ్రాంచ్ చెరిపేశాక ఏడ్చేముందు గిట్ రెఫ్‌లాగ్ చూడండి. మన మిషన్‌లో హెడ్ (మనం ఇప్పుడు ఏ కమిట్ మీద ఉన్నామో చెప్పే గుర్తు) ఎక్కడెక్కడ తిరిగిందో అందులో వరసగా ఉంటుంది. పాత కమిట్ నంబర్ పట్టుకుని దాని మీద కొత్త బ్రాంచ్ తెరిస్తే అంతా వెనక్కి వస్తుంది. డిఫాల్ట్ సెట్టింగులతో అలాంటి కమిట్లకి కనీసం 30 రోజుల గడువు ఉంటుంది. ఇది మన మిషన్‌కే పరిమితం, సర్వర్ నుంచి కొత్తగా క్లోన్ చేసుకుని చూస్తే ఏమీ ఉండదు. కాబట్టి కంగారులో ఫోల్డర్ చెరిపేసి మళ్లీ క్లోన్ చెయ్యొద్దు.

కమిట్ చెయ్యలేదు కానీ యాడ్ చేశారంటే ఇంకా ఆశ ఉంది. గిట్ ఎఫ్ఎస్‌సీకే కమాండ్‌కి లాస్ట్-ఫౌండ్ తగిలించి నడిపితే ఫైళ్లు పేర్లు లేకుండా దొరుకుతాయి, ఒక్కోటీ తెరిచి పోల్చుకోవాలి. స్టాష్ చేసేటప్పుడు (మార్పులని తాత్కాలికంగా పక్కన పెట్టేటప్పుడు) కొత్త ఫైళ్లు కూడా రావాలంటే మైనస్ యూ ఇవ్వాలి, లేకపోతే అవి బయటే ఉండిపోతాయి, ఆ తర్వాత కొట్టే క్లీన్‌కి బలవుతాయి. యాడ్ కూడా చెయ్యని ఫైల్ పోతే గిట్‌కి దాని ఊసే తెలియదు. అప్పుడు ఎడిటర్‌ని అడగాలి. వీఎస్ కోడ్‌లో 2022 నుంచి టైమ్‌లైన్‌లో లోకల్ హిస్టరీ ఉంది, సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కాపీ ఉంచుతుంది. ఫైల్ చెరిగిపోయి ఉంటే, కమాండ్ ప్యాలెట్ తెరిచి లోకల్ హిస్టరీ అని టైప్ చేసి, ఎంట్రీ వెనక్కి తెచ్చే కమాండ్‌లో ఆ ఫైల్ పేరు వెతకండి.